కాలు తొక్కినందుకు

మా మంగోలియా ప్రభుత్వం తరఫు జవాబు జెనీవా మీదుగా మా ఆఫీసుకు చేరిన రోజు ఉలాన్‌బాతర్‌లో ఏప్రిల్ మంచు కురుస్తోంది. జవాబు పొడుగ్గానే ఉంది గానీ మమ్మల్ని ముంచేది అందులో ఒక్క వాక్యమే. ఫిర్యాదు చేసిన స్త్రీ తన భర్తతో రాజీపడిందనీ, పోలీసు అధికారి కళ్ళెదుటే అతనితో చెయ్యి కలిపిందనీ, కాబట్టి ఈ ఫిర్యాదును కొట్టెయ్యాలనీ రాశారు. చదివి ఫోన్ తీసి తుంగలగ్‌ని వెంటనే రమ్మన్నాను. పిలిచేటప్పుడు నా గొంతు ఎలా ఉందో గానీ, పాపం ఆ పిల్ల కుట్టుమిషను దగ్గర నుంచి దారాలు దులుపుకోకుండానే వచ్చేసింది.

నేను వకీలును. పేరు గెరెల్మా. చెప్పులు బాగుచేసే కొట్టు పైన రెండు గదుల్లో మా ఆఫీసు. మొగుళ్ళు కొట్టిన ఆడవాళ్ళు ఆ మెట్లెక్కి వస్తారు, వాళ్ళతో పాటు తోలు వాసన కూడా వస్తుంది. తుంగలగ్ అలా వచ్చిన మనిషే. మొగుడు సంబూ కొడుతున్నాడని ఊళ్ళో పోలీసుల దగ్గరికి వెళ్ళింది, వాణ్ణి తన దగ్గరికి రానివ్వకుండా ఉత్తర్వు ఇమ్మని అడిగింది. ఇవ్వలేదు. మొగుణ్ణి స్టేషన్‌కి పిలిపించి, ఇద్దర్నీ కలిపి ఇంటికి పంపారు. మంచు కరగకముందే వాడు కొట్టిన దెబ్బకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. తర్వాత మేం ఎక్కని కోర్టు లేదు. ప్రతిచోటా ఒకే మాట, రాజీపడ్డారు కదా అని. దేశంలో ఇంకే కోర్టూ మిగలకపోయేసరికి జెనీవాలో ఉండే ఐక్యరాజ్యసమితి మహిళల కమిటీకి రాశాం. ఆడవాళ్ళను కాపాడతామని ఒడంబడిక మీద సంతకం పెట్టిన దేశం ఆ మాట తప్పితే, దెబ్బ తిన్న ఆడది నేరుగా ఆ కమిటీకే చెప్పుకోవచ్చు. వాళ్ళు ఎవరినీ జైల్లో పెట్టలేరు. కానీ తప్పు జరిగిందని వాళ్ళంటే ఇక్కడ కేసు మళ్ళీ తెరవమని మేం పట్టుబట్టొచ్చు. కొట్టేశారంటే మాత్రం తుంగలగ్‌కి తట్టడానికి ఇంకో తలుపు లేదు.

"పోలీసు స్టేషన్లో సంబూతో చెయ్యి కలిపావా?" అన్నాను, కూర్చోమనైనా అనకుండా.

"ఇటువైపు రండక్కా, ఆ చెవికి వినబడదు."

బల్ల చుట్టూ తిరిగి కుడివైపు వెళ్ళి మళ్ళీ అడిగాను. అరవకూడదనుకుంటూనే అరిచాను.

"కలిపాను" అంది.

"మరి ఇన్నాళ్ళూ నాతో అనలేదేం? నేనిక్కడ నీ కోసం ప్రపంచంతో కొట్టుకుంటుంటే!"

"మీరడగలేదు. అయినా అదొక చెప్పుకునే సంగతా? ఆయన నా కాలు తొక్కాడు."

నా కోపం ఎక్కడికక్కడ ఆగిపోయింది. కాలు తొక్కితే చెయ్యి కలపక ఏం చేస్తారు? మా దేశంలో ఒకరి పాదం ఇంకొకరికి తగిలిందంటే మరుక్షణం ఇద్దరి చేతులూ కలవాలి, లేకపోతే వాళ్ళ మధ్య పగ మొలుస్తుందని నమ్మకం. నమ్మకం అని కూడా అనలేం, తుమ్మినప్పుడు కళ్ళు మూసుకున్నట్టు అదే జరిగిపోతుంది. ఆ పొద్దున్నే కిక్కిరిసిన బస్సులో ఒక లావుపాటి పెద్దమనిషి నా బూటు తొక్కాడు. ఇద్దరం చెయ్యి కలిపాం. ఆయన మొహం కూడా నేను చూడలేదు. ఈరోజు ఎవరితోనైనా చెయ్యి కలిపావా అని ఎవరైనా నన్ను ప్రమాణం చేయించి అడిగినా లేదనే చెప్పి ఉండేదాన్ని.

"మరి ఆ పోలీసు?"

"ఆయన గదిలోంచి తలుపు తీసుకుని వసారాలోకి వచ్చేసరికి మా చేతులు కలిసున్నాయి. 'ఇంకేం, కలిసిపోయారుగా, పొండి ఇంటికి' అన్నాడు. సంబూ నవ్వాడు. అంతే."

పోలీసు చేతులు చూశాడు గానీ కాళ్ళు చూడలేదు. పోనీ ఆ మనిషికి తెలియదనుకుందాం. ఈ జవాబు రాసిన పెద్దలు ఏ దేశంలో పుట్టారు? ఇరుకు వసారాలో మొగుడూ పెళ్ళాలు చెయ్యి కలిపారంటే ముందు ఎవరి కాలు ఎవరు తొక్కారని అడగాలని వాళ్ళకు తోచలేదా? జెనీవాలో కూర్చున్నవాళ్ళకు మన బస్సుల సంగతి తెలియదులే అనుకున్నారేమో. తిట్టాలనిపించింది, కొన్ని తిట్లు తిట్టాను కూడా. తుంగలగ్ వినబడే చెవి నావైపు తిప్పి నవ్వుతూ విన్నది.

"సరే, కాలు తొక్కడం ఎవరైనా చూశారా?"

"అత్తమ్మ చూసింది. పక్కనే బల్ల మీద కూర్చుంది."

"అయితే ఆవిడ చేత చెప్పిద్దాం."

"వద్దు" అంది వెంటనే. "కన్నకొడుకు మీద కన్నతల్లి చేత చెప్పించను. నా చెవి పోయినప్పుడు ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆవిడే. నాకు అమ్మ లేదని మీకు తెలుసుగా. ఆవిణ్ణి అడిగి ఇరుకున పెట్టొద్దు. కమిటీ కొట్టేస్తే కొట్టెయ్యనీ."

ఎన్ని విధాల చెప్పినా కదల్లేదు. చివరికి లేచి కండువా చుట్టుకుంటూ ఆగింది. "ఒకటి చెప్తాను, నవ్వకండి. ఆ రోజు ఆయన నా చెయ్యి మెల్లిగా పట్టుకున్నాడు. రెండు చేతులతో. పెళ్ళైన కొత్తలో కూడా అలా పట్టుకోలేదు. అందుకే ఇంటికెళ్ళాను, పోలీసు పొమ్మన్నాడని కాదు. తర్వాత అంతా చెడింది, నేనే ఏదో అని ఉంటాను. కానీ ఆ ఒక్కసారి మాత్రం మంచిగా ఉన్నాడక్కా."

నేను నవ్వలేదు.

మేకలకు ఉన్ని దువ్వే రోజులవి. సంబూ ఎక్కడో దక్షిణాన బొగ్గు గనిలో లారీ తోలుతున్నాడు, వసంతంలో ఇంటికి రాడు. అందుకని ప్రతి ఏడూ ఆ పనికి తుంగలగ్ అత్తగారి దగ్గరికి వెళ్తుంది. నేనూ వస్తానన్నాను. నా మొహం కాసేపు చూసి, "రండి. మేకల కాళ్ళు పట్టుకోడానికి ఎలాగూ మనిషి కావాలి. కానీ ఆ మాట మీరు ఎత్తకూడదు. ఒట్టు" అంది. ఒట్టేశాను. ఆవిడే చెప్తే వినడానికి అడ్డమేం లేదుగా అని లోపల అనుకున్నాను. వకీలు బుద్ధి ఎక్కడికి పోతుంది?

అత్తగారు దుల్మా గుడారం కొండ కింద గాలికి వెన్ను పెట్టి ఉంది. "కుక్కని పట్టుకోండి!" అని దూరం నుంచే అరిచాం. ఆవిడ కుక్క మెడ మీద మోకాలు ఆనించి నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. పొట్టి మనిషి, గాలికి ఎండి ఎర్రబడిన బుగ్గలు. తుంగలగ్‌ని గుర్తుపట్టగానే కుక్కను వదిలేసింది. ఆ కుక్క నామీదికి వచ్చిందని ఎవరికీ పట్టలేదు, అత్తాకోడళ్ళిద్దరూ ముద్దుకు బదులు మా పద్ధతిలో ఒకరి బుగ్గలు ఒకరు వాసన చూసుకుంటూ నిలబడిపోయారు.

"వసంతం బాగా గడుస్తోందా అమ్మా?" అన్నాను మర్యాదగా, కుక్కను కాలితో నెట్టుకుంటూ.

"బాగానే గడుస్తోంది. పట్నం బూట్లేసుకొచ్చావే, పిల్లా! సాయంత్రానికి ఊడి వస్తాయవి."

లోపల ఉప్పు టీ పోసింది. పాల మీగడ మందంగా తీసి దాచిన గిన్నె ఒకటి పెట్టెలోంచి బయటికొచ్చింది. దాన్ని తుంగలగ్ ముందు పెట్టి, నాకు ఎండు పెరుగు బిళ్ళలు పెట్టింది. ఆ బిళ్ళలు నమలడానికి నా పళ్ళు చాలవు. మాటలన్నీ గడ్డి గురించి, ఈనిన గొర్రెల గురించి, గాలి గురించి. నేను గమనించింది ఒకటే. ఆ గుడారంలో ఎటు తిరిగినా, ఏ పనిలో ఉన్నా, దుల్మా తుంగలగ్‌కి కుడివైపునే ఉండేది. పొయ్యిలో పిడకలు వేసి లేచి వచ్చి కూర్చునేటప్పుడు కూడా చుట్టూ తిరిగి కుడిపక్కనే కూర్చునేది. అలా చేస్తున్నట్టు ఆవిడకు తెలుసని కూడా నేననుకోను.

మర్నాడు దువ్వడం మొదలైంది. మేక కొమ్ములకు తాడేసి, పక్కకు పడుకోబెట్టి, కాళ్ళు కట్టి, వంకర పళ్ళ ఇనుప దువ్వెనతో పైజుట్టు కింది మెత్తటి ఉన్నిని మెల్లగా లాగాలి. గట్టిగా లాగితే తోలు లేస్తుంది, మెత్తగా లాగితే ఏమీ రాదు. తుంగలగ్ చెయ్యి చూస్తుంటే ఎంతసేపైనా చూడాలనిపించింది. నాకిచ్చిన పని వెనక కాళ్ళు పట్టుకోవడం. అది కూడా రాలేదు. ఒక నల్ల మేక నన్ను రొమ్ము మీద తన్ని లేచి పారిపోయింది.

"నీ కేసులు కూడా ఇలాగే పట్టుకుంటావా వకీలమ్మా? అందుకే చేజారుతున్నాయి" అంది దుల్మా.

తుంగలగ్ పగలబడి నవ్వింది. మా ఆఫీసులో ఆ పిల్ల అలా నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు. తన్నులు తిన్నా పరవాలేదనిపించింది. కానీ నాలుక మాత్రం దురద పెడుతూనే ఉంది. జెనీవాకు జవాబు పంపాల్సిన గడువు దగ్గర పడుతోంది, మా సాక్షి నా ఎదురుగా కూర్చుని మేక గడ్డం కింద గోకుతోంది, నేనేమో ఒట్టేసి ఉన్నాను. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది అదే మొదలు, అదే చివర కూడా కావాలని కోరుకుంటున్నాను.

మధ్యాహ్నం గాలి తగ్గింది. కట్టేసిన మేకల్లో ఆఖరిది మిగిలింది. దుల్మా దువ్వెన పక్కన పెట్టి నావైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు, ఎందుకొచ్చావు?"

"మేకలకోసం" అన్నాను.

"అబద్ధమాడ్డం కూడా రాదు నీకు. ఇదేం వకీలు, తల్లీ! నిన్నట్నుంచీ నా నోరు చూస్తున్నావు, ఎప్పుడు తెరుస్తానా అని."

"అత్తమ్మా, వదిలెయ్" అంది తుంగలగ్.

"నువ్వూరుకో. ఈవిడ నోరు కట్టింది నువ్వేనని నాకు తెలీదనుకున్నావా? నన్ను దాటేసి మీరిద్దరూ కళ్ళతో మాట్లాడుకుంటుంటే నాకేం ముచ్చటగా ఉందా? నువ్వే చెప్పు అయితే."

తుంగలగ్ మేక మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు దాన్నే నిమిరింది. ఆ తర్వాత తలెత్తకుండా చెప్పింది. "ఆ రోజు స్టేషన్లో ఆయన నా కాలు తొక్కాడు గదా. చెయ్యి కలిపాం గదా. దాన్ని రాజీ అంటున్నారు. జెనీవావాళ్ళు కూడా అదే నమ్మితే కేసు పోతుంది. నువ్వు చూశావని అక్క వచ్చింది. నేనే అడగొద్దన్నాను."

"జెనీవా ఎక్కడ?"

"చాలా దూరం అమ్మా" అన్నాను. ఆవిడే అడిగింది కాబట్టి నా ఒట్టు తీరినట్టే.

"గడ్డి ఉంటుందా అక్కడ?"

"కొండలున్నాయి. ఆవులు బాగా మేస్తాయంటారు."

"అయితే మరీ చెడ్డవాళ్ళు కాకపోవచ్చు" అంది. కానీ నవ్వలేదు.

నేను వీలైనంత మెత్తగా చెప్పాను. ఈ ఫిర్యాదు మీ అబ్బాయి మీద కాదు, తుంగలగ్‌ని కాపాడాల్సిన ప్రభుత్వం కాపాడలేదని ప్రభుత్వం మీద. ఇలాంటి కేసుల్లో బంధువులకు ఎప్పుడూ చెప్పే మాటే అది, నిజం కూడాను.

దుల్మా నన్ను చూసిన చూపుకు నా మాట నాకే చవకగా వినిపించింది. "నాకు పాఠం చెప్పకు. వాడు కొట్టకపోతే సర్కారుకి ఇందులో పనేముంది? నేను నోరు తెరిస్తే అది వాడి మీదే. ఆ సంగతి తెలిసి చెప్పాలి, తెలియనట్టు చెప్పకూడదు."

మేక విసుక్కుంటూ తల విదిలించింది.

"కాలు తొక్కాడు. చూశాను" అంది దుల్మా. "అంతే అయితే పొద్దున్నే చెప్పేద్దును. అంతే కాదు."

"ఇంకేముంది?" అంది తుంగలగ్.

"స్టేషన్‌కి వెళ్తుంటే దారిలో వాడితో అన్నాను, దాన్ని క్షమించమని అడగరా, అందరి ముందూ అడుగు, సిగ్గుపడకు అని. 'అడగడం ఎందుకమ్మా, కాలు తొక్కితే చాలు' అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. లోపలికొచ్చాక నీ పక్కన నిలబడ్డాడా? నేను బల్ల మీద కూర్చున్నాను, వాడి బూట్లు నా కళ్ళకు ఎదురుగానే ఉన్నాయి. వాడు నిన్ను చూడ్డం లేదు. ఆ పోలీసు గది తలుపు చూస్తున్నాడు. తలుపు పిడి తిరిగేదాకా ఆగాడు. అది తిరగ్గానే నీ కాలు మీద కాలు పెట్టాడు. నువ్వు చెయ్యిచ్చావు. ఎవరైనా ఇస్తారు, నేనైనా ఇస్తాను."

వకీలుకు అంతకంటే పెద్ద సాక్ష్యం దొరకదు. కానీ ఆ క్షణంలో నేను చూస్తున్నది సాక్ష్యాన్ని కాదు, తుంగలగ్ మొహాన్ని.

"మెల్లిగా పట్టుకున్నాడు, అత్తమ్మా" అంది. బతిమాలుతున్నట్టుగా అంది. "రెండు చేతులతో పట్టుకున్నాడు."

"అవును పిల్లా. మెల్లిగానే పట్టుకున్నాడు. చూసేవాడికి కనబడాలని."

తుంగలగ్ దువ్వెన తీసుకుంది. పళ్ళ మధ్య చిక్కుకున్న ఉన్నిని వేలితో ఒక్కొక్క పోగే తీస్తూ కూర్చుంది. అంతా తీశాక కూడా ఆ వేలు ఆ పళ్ళ మధ్య తిరుగుతూనే ఉంది.

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"వాడు నా కొడుకు. ముందు అదే" అంది దుల్మా. "తర్వాత చెబుదామనే అనుకున్నాను. కానీ ఇక్కడికొచ్చిన ప్రతిసారీ నువ్వే ఆ చెయ్యి సంగతి తీస్తావు. పొయ్యి దగ్గర కూర్చుని చెప్తావు, ఒక్కసారైనా మంచిగా ఉన్నాడత్తమ్మా అని. వాడి దగ్గర ఇన్నేళ్ళలో నీకు దొరికింది అదొక్కటి. దాన్ని కూడా నేనే లాగేసుకోవాలా అనిపించింది. నోరు రాలేదే."

తుంగలగ్ లేచి గొర్రెల దొడ్డి వైపు నడిచింది. వెనకాలే వెళ్దామని నేను లేస్తే దుల్మా నా కోటు అంచు పట్టుకుని కూర్చోబెట్టింది. "ఉండు. దాన్ని ఒంటరిగా ఏడవనీ. మనం వెళ్తే మన కోసం ఆపేసుకుంటుంది." అని ఆఖరి మేక కాళ్ళు తనే కట్టి, తనే దువ్వడం మొదలుపెట్టింది. నేను కాళ్ళు పట్టుకున్నాను, ఈసారి జారనివ్వలేదు. ఆ ముసలావిడ కళ్ళనుంచి నీళ్ళు మేక మీద పడుతుంటే తుడుచుకోను కూడా తుడుచుకోలేదు. నాకు ఆవిడంటే ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను, అప్పటికి నాకు ఆవిడ తెలిసి రెండు రోజులు కూడా కాలేదు.

దువ్వడం అయిపోయి మేక లేచి వెళ్ళాక తుంగలగ్ తట్ట నిండా పిడకలు ఏరుకుని తిరిగొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. పొయ్యి రాజేసి టీ కాచింది. మొదటి గిన్నె రెండు చేతులతో అత్తగారికి అందించింది. దుల్మా గిన్నె అందుకుంది గానీ తాగలేదు.

"తాగు, చల్లారుతుంది" అంది తుంగలగ్. ఆ తర్వాత అత్తగారి పక్కన నేల మీద కూర్చుని ఆవిడ మోకాలికి తల ఆనించింది. "ఇన్నాళ్ళూ నేనే చెడగొట్టాననుకున్నాను అత్తమ్మా. మంచి మనసుతో చెయ్యి పట్టుకున్న మనిషిని ఇంటికొచ్చాక నేనే ఏదో అని మళ్ళీ రెచ్చగొట్టానేమో అని. ఏమన్నానా అని ఎన్నిసార్లు వెతుక్కున్నానో. ఏమీ అనలేదన్నమాట."

"ఏమీ అనలేదు, నా తల్లీ. నువ్వేమీ అనలేదు."

"వాడు తలుపు చూస్తూ నిలబడ్డాడన్నమాట." మొదటిసారి ఆ పిల్ల నోట మొగుణ్ణి వాడు అనడం విన్నాను. "ఎంత ఓపిక!"

ఇద్దరూ నవ్వారు, ఏడుస్తూనే. నాకూ ఆపుకోవడం చాతకాలేదు. పొయ్యి పొగ వల్ల అని చెప్పి బయటికి వెళ్ళాను గానీ, పొగ గొట్టం బాగానే పని చేస్తోందని ముగ్గురికీ తెలుసు.

నేను లోపలికొచ్చేసరికి దుల్మా పెట్టె తెరిచి పండగలకు వేసుకునే నీలం పట్టు అంగీ తీస్తోంది. "చెప్తాను, నీ ఫోనులో రికార్డు చేసి పంపు. మేకల బట్టలతో చెప్తే జెనీవావాళ్ళు ఏమనుకుంటారు?" తుంగలగ్ నడుం పట్టీ చుట్టి బిగించింది, ముడి సరిచేసింది, నెరిసిన జుట్టు నీళ్ళతో తడిపి వెనక్కి దువ్వింది.

ఫోను నొక్కేముందు చెప్పాల్సింది చెప్పాను. ఇది ప్రభుత్వం వాళ్ళు కూడా వింటారు, రేపో మాపో మీ అబ్బాయి చెవిన పడుతుంది, వద్దనుకుంటే ఇప్పుడైనా మానెయ్యొచ్చు, మేమెవరం తప్పు పట్టం అన్నాను. దుల్మా ముడుచుకున్న తన చేతులు చూసుకుంటూ వింది.

"వాడింక ఇంటికి రాడంటావా?"

"రాకపోవచ్చమ్మా."

తుంగలగ్ నోరు తెరవబోయింది. దుల్మా ఆ పిల్ల చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది. "వస్తే టీ పోస్తాను. నా చేతి టీ తాగనంటే వాడిష్టం. ఇక కానీ."

ఆ రికార్డింగు ఇప్పటికీ నా దగ్గర ఉంది. కమిటీ తర్వాత దాన్ని నమ్మింది. భయపడుతూ వచ్చిన ఆడదాన్ని కొట్టినవాడి పక్కన ఒకే వసారాలో నిలబెట్టి, కలిసిన చేతులు చూసి ఇంటికి పంపడం కాపాడ్డం కిందికి రాదని తేల్చింది. ఇక్కడ కేసు మళ్ళీ తెరుచుకుంది. సంబూ తల్లి గుడారానికి రావడం మానేశాడు, ఫోను చేసినా ఎత్తడు. తుంగలగ్ ఇప్పుడు వసంతంలోనే కాదు, శీతాకాలంలో కూడా అక్కడే ఉంటోంది. ఇవన్నీ ఆ తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్కటిగా జరిగాయి. ఆ మధ్యాహ్నం మాకు ఇవేవీ తెలియవు. పట్టు అంగీలో బిగుసుకుపోయి కూర్చున్న ఒక ముసలమ్మ, ఆవిడ పక్కన కోడలు, ఎదురుగా ఫోను పట్టుకుని నేను, అంతే.

పేరడిగాను, చెప్పింది. ఊరడిగాను, చెప్పింది. ఫోనుకి వినబడదేమో అని ప్రతి మాటా కొండ మీద మనిషిని పిలిచినట్టు గట్టిగా చెప్పింది.

"ఫిర్యాదు చేసిన తుంగలగ్‌కి మీరేమవుతారు?"

"తల్లిని."

ఫోను ఆపాను. "అమ్మా, అలా అంటే కుదరదు. అటువైపు వకీళ్ళు దాన్నే పట్టుకుంటారు. మీరు అత్తగారు. సంబూని కన్నతల్లి. అది స్పష్టంగా చెప్తేనే మీ మాటకు బరువు."

"కాదన్నానా? సంబూని కన్నది నేను కాక ఇంకెవరు? అది రాసుకో." తుంగలగ్ చెయ్యిని తన ఒళ్ళోకి తీసుకుని, ఫోను వైపు చూపించింది. "నువ్వు మళ్ళీ నొక్కు. వాడి తల్లిని కాబట్టి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. దీని తల్లిని కాబట్టి ఇప్పుడు చెప్తున్నాను. రెండూ ఉండాలి. ఒకటి తీసేస్తే ఇంకోటి అబద్ధమవుతుంది."

నేను మళ్ళీ నొక్కాను.